పట్టా ఒకటే అయినప్పుడు ప్రతిభ ఎక్కడ తగ్గింది?

మండల్ కేసుగా అందరికీ తెలిసిన ఇంద్రా సాహ్నీ తీర్పు 1992 నవంబరు 16న వెలువడింది. తొమ్మిదిమంది సభ్యుల ఆ ధర్మాసనంలో మెజారిటీ తరఫున ప్రధాన తీర్పు రాసినవారు ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. వెనుకబడిన తరగతులకు కేంద్ర ఉద్యోగాల్లో 27 శాతం కోటాను నిలబెట్టిన తీర్పు అది. అందులోని 838వ పేరా మాత్రం మరో దారి పట్టింది. కొన్ని కొలువుల్లో ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలనీ, అక్కడ రిజర్వేషన్ పెట్టడం మంచిది కాకపోవచ్చుననీ చెప్పి, వైద్యంలో స్పెషాలిటీ, సూపర్ స్పెషాలిటీ పోస్టులను, ప్రొఫెసర్లను, విమాన పైలట్లను, అణు, అంతరిక్ష రంగాల శాస్త్రవేత్తలను ఉదాహరణగా పేర్కొంది. గుండె, మెదడు, మూత్రపిండాల వైద్యం బోధించే పోస్టులపై ఎక్కడ పేచీ వచ్చినా పిటిషనర్ ముందుగా తీసేది ఆ పేరానే. దాని కిందే ఉన్న 839వ పేరా జోలికి వెళ్ళేవారు తక్కువ. ఆ జాబితా కేవలం ఉదాహరణ అనీ, ఏ పోస్టులకు రిజర్వేషన్ వర్తించకూడదో పరిశీలించి నిర్దేశించాల్సింది కేంద్ర ప్రభుత్వమేననీ అందులో స్పష్టంగా ఉంది. కోర్టు సలహా చెప్పి నిర్ణయాన్ని ప్రభుత్వానికి వదిలిందన్న మాట. ఆ నిర్ణయాన్ని లెక్కలు ముందు పెట్టుకుని, చట్టం రూపంలో, బాహాటంగా తీసుకునే ధైర్యం ఏ ప్రభుత్వమూ చేయలేదు. సూపర్ స్పెషాలిటీ బోధన పోస్టుల్లో రిజర్వేషన్ ఉండాలనీ, దానికి రాజ్యాంగం అడ్డు కాదనీ, అడ్డల్లా ప్రభుత్వాల తాత్సారమేననీ నా అభిప్రాయం.

ఈ తాత్సారం ఎంత దూరం వెళ్ళిందో ఢిల్లీ ఎయిమ్స్ కేసులో కనిపిస్తుంది. అక్కడి అధ్యాపకుల సంఘం వేసిన కేసులో 2013 జూలై 18న, ప్రధాన న్యాయమూర్తి అల్తమస్ కబీర్ పదవీ విరమణ చేసిన రోజునే, అయిదుగురు సభ్యుల రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. తొమ్మిదిమంది చెప్పిన మాటను తాము కాదనలేమంటూ సూపర్ స్పెషాలిటీ అధ్యాపక పోస్టుల్లో రిజర్వేషన్ కుదరదని పిటిషనర్ల వాదనకు మొగ్గింది. కేంద్రం మళ్ళీ కోర్టు తలుపు తట్టింది. 2014 జనవరిలో జస్టిస్ హెచ్.ఎల్. దత్తు నాయకత్వంలోని ధర్మాసనం తీర్పును మార్చలేదు గానీ, రిజర్వేషన్ పెట్టాలా వద్దా అన్నది ప్రభుత్వమే తేల్చుకోవచ్చని చెప్పింది. బంతి తిరిగి తిరిగి 1992లో ఉన్న చోటికే వచ్చింది. రిజర్వేషన్‌ను కోర్టు కొట్టేసిందని ఒక వర్గం, కోర్టు చేతులు కట్టేసిందని ప్రభుత్వం చెప్పుకుంటూ వచ్చాయి. రెండూ సగం నిజాలే.

కోర్టు చెప్పిన కారణాన్ని కాదనకుండానే పరిశీలిద్దాం. ఇలాంటి చోట ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలంటున్నారు. సరే, సూపర్ స్పెషాలిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే ఏం కావాలి? డీఎం గానీ ఎంసీహెచ్ గానీ ఉండాలి. జాతీయ వైద్య కమిషన్ నిబంధన ఇది. కులాన్ని బట్టి ఇందులో సడలింపు లేదు. డీఎం, ఎంసీహెచ్ సీటు ఎలా వస్తుంది? ప్రీతి శ్రీవాస్తవ కేసులో 1999లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం సూపర్ స్పెషాలిటీ సీట్లలో రిజర్వేషన్లకు తావు లేదని చెప్పింది. 2017 నుంచి నీట్-ఎస్‌ఎస్ పేరుతో దేశస్థాయి పరీక్ష జరుగుతోంది. అందులో కుల కోటా లేదు. కాబట్టి కార్డియాలజీ బోధించడానికి దరఖాస్తు పెట్టుకున్న మాదిగ డాక్టరైనా, గోండు డాక్టరైనా, పద్మశాలి డాక్టరైనా ఆ డిగ్రీని అందరితో పాటు పోటీ పడి, అందరితో పాటు మూడేళ్ళు చదివి, అదే పరీక్ష పాసై తెచ్చుకున్నవారే. పుట్టిన కులం కారణంగా ఆ పట్టా మీద ఒక్క మార్కు కూడా కలిసి ఉండదు. అలాంటప్పుడు ఉద్యోగ దశలో రిజర్వేషన్ చేసే పని, అర్హత ఉన్నవారిలోంచి ఎవరిని ముందు తీసుకోవాలో చెప్పడం మాత్రమే. అర్హత లేనివారిని లోపలికి తెచ్చే దారి అక్కడ లేనే లేదు. 1992లో ఆ పేరా రాసిన సమయానికి ఈ వరుస ఇంత గట్టిగా బిగుసుకోలేదు. ప్రవేశ దశలో తలుపు మూసేసిన తర్వాత కూడా ఉద్యోగ దశలో అదే ప్రతిభ వాదనను రెండోసారి వాడుకోవడం ఒకే అప్పును రెండుసార్లు వసూలు చేయడమే.

రోగి ప్రాణంతో ప్రయోగాలా అన్నది సామాన్యుడి నోట వచ్చే ప్రశ్న, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. వెల్గటూర్ నుంచో కోరుట్ల నుంచో గుండెపోటు రోగిని అంబులెన్సులో వేసుకుని కరీంనగర్‌కో హైదరాబాద్‌కో పరుగెత్తే కుటుంబానికి డాక్టర్ చేయి గట్టిదై ఉండాలన్నది తప్ప మరో ఆలోచన ఉండదు, ఉండనక్కర్లేదు. కానీ ఆ భయానికి ఆధారం ఎక్కడుందో ఎవరూ చూపలేదు. కోటా కింద వచ్చిన ఉద్యోగుల వల్ల పని నాణ్యత తగ్గిందా అన్నదాన్ని మన దేశంలో జాగ్రత్తగా కొలిచిన అధ్యయనాలు తక్కువ. ఉన్నవాటిలో చెప్పుకోదగినది ఆర్థికవేత్తలు అశ్వినీ దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ రైల్వేల మీద చేసినది. 1980 నుంచి 2002 వరకు లెక్కలు తీస్తే ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల వాటా పెరిగిన చోట ఉత్పాదకత తగ్గిన దాఖలా కనిపించలేదు. పై స్థాయి ఉద్యోగాల్లో అది కొంత మెరుగుపడిన సూచనలు కూడా కనిపించాయి. రైల్వే వేరు, ఆపరేషన్ థియేటర్ వేరు అనవచ్చు. నిజమే. అయితే థియేటర్ గురించి అంత బెంగ ఉన్నవాళ్ళు 2023 సెప్టెంబరులో ఏం చేశారు? పీజీ సీట్లు మిగిలిపోతున్నాయని కేంద్రం నీట్-పీజీ కటాఫ్‌ను అన్ని వర్గాలకూ సున్నా పర్సంటైల్‌కు దించింది. పరీక్ష రాస్తే చాలు, సీటుకు అర్హుడే. ఆ సీట్లలో ఎక్కువ భాగం ఎవరికి ఉపయోగపడ్డాయో ప్రైవేటు కళాశాలల ఫీజుల పట్టిక చూస్తే తెలుస్తుంది. అప్పుడు ప్రతిభ కోసం రాజ్యాంగ ధర్మాసనం ముందు నిలబడినవాళ్ళు కనిపించలేదు. ప్రైవేటు కళాశాలల్లో అధ్యాపకులకు కోటా లేదు కదా, మరి అక్కడి బోధన దేశానికే ఆదర్శంగా ఉందని ఎవరైనా అనగలరా? తనిఖీ రోజున మాత్రమే కనిపించే అధ్యాపకుల బెడదతో జాతీయ వైద్య కమిషన్ ఆధార్ హాజరుకు వెళ్ళాల్సి వచ్చిందన్నది అందరికీ తెలిసిందే.

ఇంకో వైపు నుంచి పదునైన ప్రశ్న వస్తుంది. అందరూ ఒకే పోటీలో నెగ్గినవారే అయితే ఉద్యోగంలోనూ పోటీ పడొచ్చు కదా, మళ్ళీ కోటా ఎందుకని. ఈ ప్రశ్నకు జవాబు ఎయిమ్స్‌లోనే ఉంది. అక్కడి ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పట్ల వివక్ష ఆరోపణలపై సుఖదేవ్ థోరాట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక తరగతి గది నుంచి హాస్టల్ గది దాకా వివక్ష ఎలా ఉందో నమోదు చేసింది. ఆ తర్వాత పదిహేనేళ్ళకు, 2022లో, పార్లమెంటు ఎస్సీ, ఎస్టీ సంక్షేమ కమిటీ అదే సంస్థ అధ్యాపక నియామకాలను పరిశీలించింది. మొత్తం 1,111 పోస్టుల్లో 275 అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులు, 92 ప్రొఫెసర్ పోస్టులు ఖాళీగా ఉన్నాయి. తగిన అభ్యర్థులు దొరకలేదన్న మూస సమాధానాన్ని ఒప్పుకునేది లేదని కమిటీ తేల్చి చెప్పింది. పట్టా ఉన్నా ‘తగినవాడు కాదు’ అనే అధికారం ఎంపిక కమిటీ చేతిలో ఉంటుంది. ఆ కమిటీలో కూర్చునేవారు దశాబ్దాలుగా కోటా లేని విభాగాల్లోంచి వచ్చినవారే. కోటా అవసరం అక్కడ మొదలవుతుంది. ప్రొఫెసర్ గదిలో తన లాంటి మనిషి ఒక్కరూ కనిపించని విద్యార్థికి ఆ చదువు తనది కాదనిపించడం పెద్ద వింత కాదు. రోగి వైపు నుంచీ ఇది పనికొచ్చే విషయమే. అమెరికాలో ఓక్లాండ్ నగరంలో జరిపి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో నల్లజాతి పురుషులు నల్లజాతి డాక్టర్ చెప్పినప్పుడు ముందస్తు పరీక్షలకు ఎక్కువగా ఒప్పుకున్నారని తేలింది. జాతి, కులం ఒకటి కావు గానీ డాక్టర్ మీద నమ్మకం అన్నది రెండుచోట్లా వైద్యంలో భాగమే.

తెలుగు రాష్ట్రాలకు ఈ వ్యవహారంలో ఒక ప్రత్యేకత ఉంది. సూపర్ స్పెషాలిటీ స్థాయిలో రిజర్వేషన్ రాజ్యాంగానికే విరుద్ధమని వాదించేవారు దాన్ని పట్టించుకోరు. డీఎం, ఎంసీహెచ్ సీట్లకు స్థానికులను మాత్రమే అనుమతించడాన్ని సవాలు చేస్తూ ఇతర రాష్ట్రాల డాక్టర్లు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలపై సుప్రీంకోర్టుకు వెళ్ళారు. సందీప్ కన్సూర్కర్ కేసుగా 2015 అక్టోబరులో దానిపై తీర్పు వచ్చింది. ఉన్నత వైద్య విద్యలో ఇలాంటి ప్రత్యేక హక్కులు ఇంకా కొనసాగడంపై జస్టిస్ దీపక్ మిశ్రా ధర్మాసనం విచారం వ్యక్తం చేసింది. అయినా 371-డి అధికరణ, దాని కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఉన్నాయి కాబట్టి తాము జోక్యం చేసుకోలేమని పిటిషన్లను తోసిపుచ్చింది. అది ప్రవేశాల కేసు, కులం ఊసు లేనిది. అయినా దాని భావం తెలిసిపోతూనే ఉంది. సూపర్ స్పెషాలిటీలో కూడా చట్టపరమైన పునాది ఉంటే ప్రత్యేక కేటాయింపు నిలబడుతుంది. తమిళనాడులో ప్రభుత్వ సర్వీసులోని డాక్టర్లకు సూపర్ స్పెషాలిటీ సీట్లలో 50 శాతం కేటాయింపును 2022 మార్చిలో సుప్రీంకోర్టు అడ్డుకోలేదు. తెలంగాణలో అసిస్టెంట్ ప్రొఫెసర్ల నియామకంలో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో పనిచేసినవారికి వెయిటేజీ పాయింట్లు ఇస్తున్నారు. ప్రాంతానికి ఇస్తే కోర్టులో నిలబడింది. సర్వీసుకు ఇచ్చినా అంతే. ఆ వరుసలోకి కులం రాగానే రోగి ప్రాణం గుర్తుకొస్తుంది.

ఇంతవరకూ చెప్పింది కోర్టుల్లో వినిపించే వాదన. రిజర్వేషన్‌ను నిజంగా హరించేది మాత్రం ఇంత గొప్ప చర్చ కాదు, ఏ వరుస పోస్టు (పాయింటు) ఏ వర్గానికో రాసుకునే రోస్టర్ రిజిస్టర్. నాగపూర్ విశ్వవిద్యాలయం కేసులో 1990లో సుప్రీంకోర్టు అధ్యాపక పోస్టుల రిజర్వేషన్‌ను సబ్జెక్టు వారీగా చూడాలంది. చండీగఢ్ పీజీఐ అధ్యాపకుల సంఘం కేసులో 1998లో రాజ్యాంగ ధర్మాసనం ఒకే ఒక్క పోస్టు ఉన్న చోట రిజర్వేషన్ పెడితే అది నూటికి నూరు శాతం అవుతుందని కొట్టేసింది. రెండూ వైద్య కళాశాలకు కలిపి వర్తింపజేస్తే ఏమవుతుంది? సూపర్ స్పెషాలిటీ విభాగమంటే ఒక ప్రొఫెసర్, ఒకరిద్దరు అసోసియేట్లు, ఇద్దరు ముగ్గురు అసిస్టెంట్లు. ఒక్కో విభాగాన్ని విడిగా లెక్కిస్తే పై పోస్టుల్లో రిజర్వేషన్ ఉండదు, కింది పోస్టుల్లో రోస్టర్ ఒక చుట్టు తిరగడానికి ఒక తరం చాలదు. తెలంగాణలో ఎస్సీలకు 15, ఎస్టీలకు 10, బీసీలకు 29 శాతం అని గోడ మీద రాసుకోవచ్చు, రిజిస్టర్‌లో మాత్రం ఆ పాయింటు రాదు. ఎస్సీ వర్గీకరణ వచ్చాక ఈ చిక్కు ఇంకా బిగిసింది. 2025 ఏప్రిల్ 14 నుంచి అమలులోకి వచ్చిన చట్టం 15 శాతాన్ని 1, 9, 5గా మూడు గ్రూపులకు పంచింది. మొదటి గ్రూపులోని అత్యంత వెనుకబడిన కులాలకు నూరింట ఒక్క పాయింటు. మూడు పోస్టుల విభాగంలో ఆ పాయింటు ఏ శతాబ్దంలో వస్తుందో లెక్క వేయనక్కర్లేదు. ముప్పై ఏళ్ళు పోరాడి సాధించుకున్న వర్గీకరణ ఇలా లెక్కల పద్ధతి దగ్గరే ఆవిరైపోతే అది ఎవరికీ కనిపించను కూడా కనిపించదు, కేసు వేయడానికి చేతికి ఒక ఉత్తర్వు కూడా దొరకదు. ఇదే చిక్కు కేంద్ర విశ్వవిద్యాలయాల్లో వచ్చినప్పుడు, అంటే విభాగమే యూనిట్ అని 2017లో అలహాబాద్ హైకోర్టు చెప్పి, ఆ తర్వాత దేశమంతా గొడవ జరిగినప్పుడు, పార్లమెంటు 2019లో చట్టం చేసి సంస్థ మొత్తాన్ని ఒక యూనిట్‌గా తీసుకోమంది. కోర్టు చెప్పిన లెక్కను చట్టసభ మార్చగలదని అక్కడ రుజువైంది. రాష్ట్రాల ప్రభుత్వ వైద్య కళాశాలలకూ అలాంటి చట్టమే కావాలి.

యూనిట్ మార్చినా పోస్టులు ఖాళీగా మిగిలిపోతే ఎలా? ఈ అభ్యంతరంలో బలముంది, దాన్ని ఒప్పుకోవాలి. జగిత్యాల వైద్య కళాశాల 2022 నవంబరు 15న, ఒకే రోజు ప్రారంభించిన ఎనిమిదింటిలో ఒకటిగా, 150 సీట్లతో మొదలైంది. సిరిసిల్లలో 2023 సెప్టెంబరు 15న, ఆ రోజు ప్రారంభించిన తొమ్మిదింటిలో ఒకటిగా, 100 సీట్లతో తలుపులు తెరుచుకున్నాయి. భవనాలూ సీట్లూ వచ్చినంత వేగంగా అధ్యాపకులు రాలేదు. 2025లో రాష్ట్రంలోని 34 ప్రభుత్వ వైద్య కళాశాలల్లో 26 కళాశాలలకు జాతీయ వైద్య కమిషన్ లోపాలపై నోటీసులిచ్చింది. ఎంబీబీఎస్ నడపడానికి సూపర్ స్పెషాలిటీ విభాగాలు తప్పనిసరి కావు కాబట్టి జిల్లా కళాశాలల్లో ఆ పోస్టులే అరుదు. అరుదైన పోస్టును రిజర్వ్ చేసి, అభ్యర్థి రాలేదని ఏళ్ళ తరబడి బ్యాక్‌లాగ్‌లో పెడితే నష్టపోయేది మళ్ళీ పేద రోగే, వారిలో ఎస్సీలూ బీసీలే ఎక్కువ. అందుకే చట్టంలో ఒక సౌలభ్యం ఉండాలి. న్యూరాలజీలో రిజర్వ్ అయిన పోస్టుకు వరుసగా రెండు నోటిఫికేషన్లలో ఎవరూ రాకపోతే ఆ పాయింటు అభ్యర్థులున్న మరో విభాగానికి, నెఫ్రాలజీకో యూరాలజీకో, మారాలి. న్యూరాలజీ పోస్టును అందరికీ తెరవాలి. సంస్థ యూనిట్ అయినప్పుడే ఇది సాధ్యం. విభాగం యూనిట్ అయితే కోటా వదులుకోవడమో, పోస్టు ఎండబెట్టడమో తప్ప మూడో దారి లేదు. ఇక అభ్యర్థుల కొరత విషయం. డీఎం సీట్లలో తలుపు మూసి, బయట ఎవరూ లేరని ఆశ్చర్యపోవడం న్యాయం కాదు. రాష్ట్ర సర్వీసులోని రిజర్వుడు వర్గాల డాక్టర్లకు నీట్-ఎస్‌ఎస్ శిక్షణ, జీతంతో కూడిన చదువు సెలవు ఇవ్వడానికి ఏ కోర్టు అనుమతీ అక్కర్లేదు.

ఇలాంటి చట్టం చేస్తే మర్నాడే సవాలు వస్తుంది, వస్తే నిలబడుతుందా? దీనికి మన సొంత చరిత్రలోనే సమాధానం ఉంది, అదీ వైద్య కళాశాలల కేసుల్లోనే. వెనుకబడిన తరగతుల జాబితాను 1966లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జారీ చేసి వైద్య సీట్లలో కోటా ఇచ్చింది. పి. సాగర్ కేసులో హైకోర్టు కొట్టేసింది, 1968లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. కారణం, ఆ కులాలు వెనుకబడినవని ఎలా తేల్చారో చూపే ఆధారమేదీ ప్రభుత్వం కోర్టు ముందు పెట్టలేదు. ప్రభుత్వం ఆ దెబ్బతో కళ్ళు తెరిచి అనంతరామన్ కమిషన్ వేసింది. కమిషన్ ఊళ్ళు తిరిగి, లెక్కలు తీసి 1970లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 25 శాతం కోటా వచ్చింది. అదీ హైకోర్టులో ఓడింది. కానీ 1972లో బలరామ్ కేసులో సుప్రీంకోర్టు కమిషన్ సేకరించిన సమాచారాన్ని చూసి కోటాను సమర్థించింది. అదే రాష్ట్రం, అవే సీట్లు, నాలుగేళ్ళలో తీర్పు తిరగబడింది. మధ్యలో మారింది ఆధారం ఒక్కటే. ఆ పాఠం మళ్ళీ మరిచిపోయాం. ఏజెన్సీ ప్రాంతాల్లో టీచర్ పోస్టులను నూటికి నూరు శాతం గిరిజనులకిచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసి, రెండు రాష్ట్రాలపై అయిదు లక్షల ఖర్చులు వేసింది. ఉద్దేశం మంచిదే, దానికి తగిన సమర్థన మాత్రం కోర్టు ముందు నిలవలేదు. సూపర్ స్పెషాలిటీ పోస్టుల విషయంలో కావలసిన లెక్కలు అందని చోట ఏమీ లేవు. ఉస్మానియా, గాంధీ, కాకతీయ కళాశాలల్లో, నిమ్స్‌లో ఏ విభాగంలో ఏ వర్గం వారు ఎంతమంది పనిచేస్తున్నారో, గత పదేళ్ళలో ఎంతమంది దరఖాస్తు చేశారో, ఎందుకు తిరస్కరించారో ఆరోగ్య శాఖ బీరువాల్లోనే ఉంది. బయట పెట్టాలన్న ఉద్దేశం ఉంటే చాలు.

కోటాలో వచ్చినవారికి జీవితాంతం ఆ ముద్ర ఉండిపోతుందనే జాలి మాటను నేను పెద్దగా పట్టించుకోను. ముద్ర వేసేవారిని సరిదిద్దడం మాని, ముద్ర పడుతుందని ఉద్యోగమే వద్దనడం ఎక్కడి లాజిక్కో అర్థం కాదు. సంపన్న శ్రేణి గురించి అడిగేవారి ప్రశ్న మాత్రం సబబైనదే. బీసీలకు అది ఇప్పటికే వర్తిస్తోంది. ఎస్సీ, ఎస్టీలకూ వర్తింపజేయాలని 2024 ఆగస్టు 1 నాటి వర్గీకరణ తీర్పులో నలుగురు న్యాయమూర్తులు అభిప్రాయపడ్డారు. దానిపై చర్చ జరగాల్సిందే, కానీ ఆ చర్చ ముగిసేదాకా సూపర్ స్పెషాలిటీలో అసలు కోటానే వద్దనడానికి అది సాకు కాకూడదు.

తెలంగాణ ప్రభుత్వం చేయాల్సిన పని మూడు వాక్యాల్లో చెప్పొచ్చు. వైద్య కళాశాలల అధ్యాపక పోస్టుల్లో, సూపర్ స్పెషాలిటీ సహా, సంస్థను యూనిట్‌గా తీసుకుని రిజర్వేషన్ అమలు చేసే బిల్లు శాసనసభలో పెట్టాలి. దానికి ముందు ఒక కమిషన్ వేసి విభాగాల వారీ లెక్కలు ప్రచురించాలి. 839వ పేరా ప్రకారం కేంద్రం కూడా తన జాబితా ఏమిటో రాతపూర్వకంగా చెప్పాలని గట్టిగా అడగాలి. వైద్య ఆరోగ్య శాఖ దామోదర రాజనర్సింహ దగ్గర ఉంది. ఎస్సీ, ఎస్టీ సంక్షేమం 2025 జూన్ నుంచి వెల్గటూర్ మండలం ఉన్న ధర్మపురి నియోజకవర్గ శాసనసభ్యుడు అడ్లూరి లక్ష్మణ్ కుమార్ చేతిలో ఉంది. ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే కదిలే ఫైలు ఇది. తర్వాతి నోటిఫికేషన్ వచ్చి, దాని మీద స్టే వచ్చేలోపే కదిలించండి.